నేనన్నది చాలు అని

పోయిన ఆదివారం కోకాపేటలో మీ పిన్ని కొత్త ఫ్లాటు గృహప్రవేశం రోజు, భోజనాల దగ్గర మీ తాతయ్య మళ్ళీ ఆ కథ ఎత్తుకున్నారు. "మా ఆవిడ చాలు అంది, అవతల బండి చాలూ అయింది" అనేసరికి బల్లల దగ్గరున్న వాళ్ళంతా విరగబడి నవ్వారు. నువ్వూ నవ్వావు. నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. పుట్టినప్పటినుంచి వింటున్నావు, నీకు తెలిసిన కథ అదే. అందుకే ఇవాళ నిన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నాను. నా కుడిచేతి చూపుడువేలు ఎలా పోయిందో ఆ కథలో ఉండదు. ఉన్నా, అందరి నవ్వులూ అయ్యాక "పాపం, వేలికి కాస్త దెబ్బ తగిలిందిలెండి" అని చివర్లో ఒక ముక్క. ఆ ముక్క గురించే నేను చెప్పేదంతా.

నేనే రాసుకుందును. పెన్ను బొటనవేలికీ నడిమివేలికీ మధ్య నిలవదు. నాలుగు మాటలు రాసేలోగా జారిపోతుంది, అక్షరాలు కోడి గెలికినట్టు వస్తాయి. నీ వేళ్ళు ఆ కంప్యూటరు మీద టకటకా ఆడుతుంటే చూడటానికి బాగుంటుంది. సరే, రాయి.

అప్పట్లో మేం లింగంపల్లిలో, స్టేషనుకి ఇవతల వైపు కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మాదాపూర్ వైపు రోజూ బండలు పేల్చేవాళ్ళు. మధ్యాహ్నం పూట దడ్‌మని మోగిందంటే మా కిటికీ రెక్కలు ఊగేవి, నా మిషను మీద సూదుల డబ్బా గలగలమనేది. గచ్చిబౌలి అంటే రాళ్ళూ సీతాఫలం పొదలూ. మొన్న నువ్వు చెవులు మూసుకుపోతున్నాయంటూ లిఫ్టులో ఎక్కిన ఆ కోకాపేటలో జొన్నచేలు ఉండేవి. ఎంఎంటీఎస్ రైలు ఇంకా రాలేదు.

నేను బట్టలు కుట్టేదాన్ని. మీ తాతయ్య చెప్పేటప్పుడు "కాలక్షేపానికి ఏవో కుట్టేది" అంటారు. కాలక్షేపానికి కాదు. మీ అమ్మా పిన్నీ కాలేజీకి కట్టుకెళ్ళిన ప్రతి గుడ్డా, చదివిన చదువులో సగమూ ఆ మిషను మీద నుంచి వచ్చినవే. మిషను ఎవరైనా తొక్కుతారు. నా దగ్గరికి మనుషులు వచ్చింది చేతిపనికి. కాజాలు, హుక్కులు, హెమ్మింగు, చీరకి ఫాలు. నేను కుట్టిన అంచు పైనుంచి చూస్తే దారం కనపడకూడదు. లోపలివైపు చూస్తే చీమలు బారు కట్టినట్టు ఉండాలి. కొత్తగా ఆఫీసుల్లో చేరిన ఆడపిల్లలు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళ మేనేజరుగారి పెళ్ళికి జాకెట్టు కావాలన్నా, ఇంటర్వ్యూకి వేసుకెళ్ళే పంజాబీ డ్రెస్సు కావాలన్నా మా ఇల్లే. గుమ్మం ముందు పేరు రాసిన బోర్డు లేదు. అవసరం పడలేదు.

మీ తాతయ్యది గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా పని. కూర్చుని కూర్చుని విసుగెత్తింది ఆయనకి. ఆఫీసువాళ్ళు వాడి వాడి మూలపడేసిన డీజిలు వ్యాను ఒకటి వేలానికి వస్తే, ఎదురింటాయనతో కలిసి పాడి తెచ్చారు. ఎదురింటాయనది ఆ ఊరే, పుట్టి పెరిగింది లింగంపల్లిలోనే. టెంపోలు నడిపిన మనిషి. నన్ను వదినె అనేవాడు, మీ తాతయ్యని అన్న అనేవాడు. ఆయన నడుపుతాడు, మీ తాతయ్య పైపనులు చూస్తారు, ఇద్దరూ సమానం. హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసువాళ్ళు, స్టేషను దగ్గర దిగే తమ స్టాఫుని తీసుకెళ్ళడానికి బండి కావాలన్నారు. సోమవారం పొద్దున బండి తెచ్చి చూపించమన్నారు. చూసి నచ్చితే ఆ రోజు నుంచే పని.

బండి నచ్చేలాగా లేదు. పొద్దున స్టార్టు చేస్తే నల్లటి పొగ కక్కేది. మా వీధిలో ఆరేసిన బట్టలన్నీ మసి. నాజిళ్ళు పోయాయన్నారు. నాజిల్ అంటే ఏమిటో నాకు ఆ రోజు దాకా తెలియదు. డీజిలు ఇంజనులో సన్నటి మొన ఉన్న ఇనప ముక్క అది. పంపు తోసిన డీజిలుని పొగమంచులాగా ఇంజనులోకి చిమ్ముతుంది. మొన అరిగితే చిమ్మదు, కారుతుంది. కారిన డీజిలు సరిగ్గా మండదు, నల్లపొగ. షెడ్డువాడు మంగళవారం దాకా కుదరదన్నాడు. మీ తాతయ్య శనివారం సాయంత్రం సిటీలోకి వెళ్ళి బాగుచేసిన నాజిళ్ళు తెచ్చి, "మా ఆఫీసు షెడ్డులో ఎన్నిసార్లు చూశాను, ఇంటి దగ్గర మనమే మార్చేసుకుందాం" అన్నారు. చూడటం చూశారు. చెయ్యి పెట్టింది మాత్రం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మీ తాతయ్యకి హైదరాబాదు మాట నేర్చుకోవాలని మహా సరదా. మాది తెనాలి వైపు. నాకు ఎన్నేళ్ళున్నా ఆ మాట నోటికి రాలేదు, రావాలనీ అనుకోలేదు. ఆయన ఎదురింటాయన దగ్గర ఒక్కొక్క మాటా పట్టి, మార్కెట్లో వాడి వచ్చి సంబరపడేవారు. ఇక్కడ చాలూ చెయ్యడమంటే స్టార్టు చెయ్యడం, బంద్ అంటే ఆపడం. ఆ ఆదివారం పొద్దున బానెట్ ఎత్తగానే ఇద్దరూ అనుకున్నారట. బానెట్ ఎత్తితే సీట్లో కూర్చున్నవాడికి ముందేమీ కనపడదు కదా, అందుకని మీ తాతయ్య "చాలూ" అంటే ఎదురింటాయన తాళం తిప్పాలి, "బంద్" అంటే వదిలెయ్యాలి. అట, అని ఎందుకంటున్నానంటే, ఆ ఏర్పాటు నాకు ఎవ్వరూ చెప్పలేదు. నేను లోపల గదిలో మిషను దగ్గర ఉన్నాను.

పొద్దున్నే మొదటిసారి లోపలికి వచ్చి, గుడ్డపీలికలు కావాలన్నారు మీ తాతయ్య. నేను పైపింగుకి పనికొస్తాయని రంగులవారీగా కట్టి దాచుకున్న మూటలు. ఆగమనేలోగా ఒకటి చంకన పెట్టుకుని పోయారు. కాసేపటికి చూస్తే, మామిడిపండు రంగు పట్టుముక్కతో ఇంజను మసి తుడుస్తున్నారు.

"అది పట్టు అండీ" అన్నాను గుమ్మంలోంచి.

"బాగా పీలుస్తోందే" అన్నారు.

రెండోసారి వచ్చి మిషను నూనె సీసా తీసుకెళ్ళారు. నట్లు తుప్పు పట్టాయట. మళ్ళీ వచ్చి నా క్రోషియా సూది. నాజిల్ ఊడదీస్తే దాని కింద రాగి వాషరు ఉంటుంది, అది గుంటలో అతుక్కుపోయి రాదు. దాన్ని లోపలే వదిలేసి కొత్త వాషరు వేస్తే నాజిల్ ఎత్తులో కూర్చుని పక్కలనుంచి ఆవిరి తన్నుతుంది. ఆ వాషరుని లాగడానికి కొక్కెం లాంటిది కావాలి. నా సూదికి కొక్కెం ఉంది. నేను దానితో తలుపు తెరకి లేసు అల్లుతున్నాను, సగంలో ఉంది. సూది లాక్కుంటే అల్లిక అంతా జారి ఒళ్ళో పడింది.

"మళ్ళీ ఇస్తానులే" అన్నారు.

ఇచ్చారు. వంకర తిరిగి, మసి పట్టి.

బయట నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. ఒక నాజిల్ ఎంత లాగినా రాలేదు.

"అన్నా, ఇది అత్తగారింటికి పోనని మొండికేసిన పెండ్లిపిల్ల లెక్క కూసుంది" అన్నాడు ఎదురింటాయన.

"కిరసనాయిలు పోసి కాసేపు నాననిద్దామండీ."

"జర ఆ అండీ బంద్ చెయ్యన్నా. నాజిల్‌కు మర్యాద ఇస్తే అసలే రాదు."

వచ్చింది. అన్నీ వచ్చాయి. కొత్త వాషర్లు వేశారు, కొత్త నాజిళ్ళు దించారు, పైపులు బిగించారు. తర్వాత గాలి తీయడం. పైపుల్లో గాలి ఉంటే డీజిలు ముందుకి పోదు. అందుకని ఒక్కొక్క పైపు నట్టు కాస్త వదులు చేసి, ఇంజను తిప్పి, బుడగలు ఆగి ఒట్టి డీజిలు వచ్చేదాకా చూసి బిగించాలి. "చాలూ" అని ఈయన కేక, గిర్రున మోత. "బంద్" అని కేక, నిశ్శబ్దం. ఎన్నిసార్లో. ఆ కేకలు నాకు వినపడుతూనే ఉన్నాయి గానీ, పేల్చే బండల చప్పుడు విన్నట్టే విన్నాను. నా ధ్యాస చేతిలో ఉన్న జాకెట్టు మీద ఉంది. ఒకమ్మాయిది, నెమలికంఠం రంగు పట్టు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానంది. హుక్కులు ఒక్కటే మిగిలాయి.

చివరికి బండి స్టార్టయింది గానీ కుంటుతోంది. నాజిళ్ళలో ఒకటి సరిగ్గా కొట్టడం లేదని తేల్చారు. దాన్ని మళ్ళీ ఊడదీసి, బయటే దాని పైపుకి తగిలించి, మొన గాల్లోకి తిప్పి పెట్టారు. మిగతా పైపుల నట్లు వదులు చేశారు, ఇంజను స్టార్టు కాకుండా. ఇప్పుడు తాళం తిప్పితే ఆ మొన ఎలా చిమ్ముతోందో కంటికి కనపడుతుంది. కాయితం అడ్డం పెడితే మచ్చ పడుతుంది. ఎదురింటాయన సీట్లో, మీ తాతయ్య అవతలి పక్క పైపు కదలకుండా పట్టుకుని. కాయితం పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి.

"ఇటు రావే, ఒక్క నిమిషం."

"హుక్కులు కుడుతున్నానండీ."

"ఒక్క నిమిషమే అంటున్నానుగా. వచ్చేటప్పుడు కాయితం తీసుకురా."

గుడ్డపీలికలు అయ్యాయి, నూనె అయింది, సూది అయింది. జాకెట్టు మడిచి పెట్టి, కొలతలు కత్తిరించే ఖాకీ కాయితం ఒకటి పట్టుకుని వెళ్ళాను. ఆయన చూపించినట్టు ఎడంచేత్తో మొన ముందు జానెడు దూరంలో కాయితం పట్టుకున్నాను. "చాలూ" అన్నారు. ఇంజను తిరిగింది. మొన నుంచి ఉచ్చపోసినట్టు ధార వచ్చింది, కాయితం తడిసింది. "బంద్." పైపు నట్టు ఇంకాస్త బిగించారు. "చాలూ." ఈసారి తుస్‌మని పొగలాగా వచ్చింది. "బంద్."

"బాగా చిమ్మింది కదా" అన్నారు ఆయన అవతల నుంచి. "ఆ మొన తుడువు. తుడిచాక మళ్ళీ చుక్క ఊరుతుందేమో చూడు. ఊరితే పనికిరాదు."

నా కొంగుకి అంటకుండా, నడుముకి దోపుకున్న పల్చటి మల్లు గుడ్డ ముక్క చూపుడువేలికి చుట్టి మొన తుడుస్తున్నాను. కాయితం ఎడంచేతిలో అలాగే ఉంది.

"ఇంకోసారి కొట్టించి చూద్దామా?" అని ఆయనే అడిగారు.

"చాలు. చాలు" అన్నాను నేను. ఇక వద్దని. నాకు లోపల పని ఉందని. మనింట్లో అన్నం వడ్డిస్తుంటే అనే మాటే కదా.

సీట్లో ఉన్నాయనకి వినపడింది చాలూ, చాలూ అని. పొద్దున్నుంచి ఆ మాట కోసమే చెవి పెట్టి కూర్చున్న మనిషి. తాళం తిప్పాడు.

సూది గుచ్చుకున్నట్టయింది, అంతే. నాకు సూది పోట్లు కొత్త కాదు, అందుకే అది సూది పోటు కాదని నాకు అప్పుడే తెలిసింది. సూది గుచ్చుకుంటే గుచ్చుకున్న చోట నొప్పి. ఇది లోపలికి పోయింది. వేలి లోపల ఎవరో సన్నటి దారం లాగుతూ అరచేతి దాకా పోయినట్టు. మల్లు ముక్క తీసి చూస్తే వేలికొన మీద చుక్క. ఆవగింజలో సగం. రక్తం కూడా రాలేదు.

మీ తాతయ్య ఇటు వచ్చి చూశారు. ముందు నా వేలు కాదు, కాయితం.

"ఇదేమిటి, మచ్చ మధ్యలో ఇక్కడ ఖాళీ ఎందుకొచ్చింది? ఒక రంధ్రం పూడుకుపోయిందా?"

మచ్చ గుండ్రంగా, సన్నటి తుంపర్లతో అందంగా పడింది. ఒక పక్క మాత్రం వేలెడంత ఖాళీ. అది నా వేలు ఉన్న చోటు. ఆ వాటా డీజిలు కాయితం మీద పడలేదు. నాలోకి పోయింది. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాను. అప్పుడు నా వేలు చూసి, "ఓస్ ఇంతేనా" అన్నారు. "రోజూ సూదులతో పొడుచుకునేదానివే, ఇదో సూది. పసుపు పెట్టుకో."

ఎదురింటాయన సీట్లోంచి దూకి వచ్చాడు. "వదినె, నువ్వు చాలూ అన్నవని తిప్పిన."

"నేనన్నది చాలు అని" అన్నాను.

మీ తాతయ్య నవ్వారు. అదే, మీరంతా వినే నవ్వు. కథలో బండి ఆ క్షణాన స్టార్టయి గర్జిస్తుంది. నిజానికి అప్పుడు బండి చాలూ కాలేదు. కాకుండా వాళ్ళే నట్లు వదులు చేశారు.

పసుపు పెట్టుకుని వెళ్ళి జాకెట్టు తీశాను. సూది పట్టుకుందామంటే పట్టు దొరకలేదు. వేలు మొద్దుబారింది. బయట వాళ్ళు నాజిల్ లోపల బిగించి, మళ్ళీ గాలి తీసి, బండి స్టార్టు చేశారు. సాఫీగా నడిచింది, పొగ లేదు. చూడటానికి రమ్మని పిలిచారు. వెళ్ళి చూశాను. టీ పెట్టమన్నారు. ఎడంచేత్తో పెట్టాను.

టీ గ్లాసు అందుకుంటూ ఎదురింటాయన నా చెయ్యి చూశాడు. "వదినె, వేలు గిట్ల సున్నం కొట్టినట్టు తెల్లగైందేంది? సల్లగ గూడ ఉంది. అన్నా, దవాఖానకు పోదాం పా. బండి ఎట్లనో చాలూలనే ఉంది."

"ఆదివారం సాయంత్రం డాక్టరు ఎవడుంటాడయ్యా?" అన్నారు మీ తాతయ్య. "ఉన్నా, సూది గుచ్చుకుందంటే నవ్వుతాడు. ఇప్పుడు సిటీలోకి తిప్పితే మళ్ళీ మసి పడుతుంది, బండి కడగాలి. రేపు చూద్దాం."

"చాబి తిప్పింది నేనన్నా. నాకు పరేషాన్‌గ ఉంది."

"ఫికర్ చెయ్యకు" అన్నారు ఈయన. ఆ మాట కూడా కొత్తగా నేర్చుకున్నదే.

ఆ రాత్రి గడిచింది. ఎలాగో చెప్పను. మీ అమ్మా పిన్నీ సెలవులకి తెనాలి వెళ్ళి ఉండటం ఒక రకంగా మంచిదైంది, చూడలేదు.

ఇప్పుడు సోమవారం. ఇది జాగ్రత్తగా రాయి. మీ తాతయ్య కథలో సోమవారం ఉండదు.

తెల్లవారేసరికి వేలు రెండింతలు వాచి, నల్లటి నీలం తిరిగింది. అరచెయ్యి ఎర్రగా పొంగింది. ఆయన చూశారు. చూడలేదని నేను అనను. చూసి, గోడ గడియారం కూడా చూశారు. "ముందు బండి చూపించేసి వస్తాం. అరగంట పని. రాగానే ఇదే బండిలో పెద్ద దవాఖానకి తీసుకెళ్తాను, తయారుగా ఉండు" అన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దాని కాలరు తిప్పి కుట్టింది నేనే. ఎదురింటాయన తలుపు దగ్గర నిలబడి, "వదినెను గూడ ఎక్కించుకుందమన్నా, తొవ్వల దింపుదం" అన్నాడు.

"కొత్తగా చూపించే బండిలో జబ్బుమనిషిని కూర్చోబెట్టుకుని వెళ్తే ఏం బాగుంటుందయ్యా?"

నేను అక్కడే ఉన్నాను. నాకు వినపడాలని అనలేదు, వినపడకూడదనీ అనుకోలేదు.

తయారై మెట్ల మీద కూర్చున్నాను. చేతిసంచిలో చీర ఒకటి, మంచినీళ్ళ సీసా. వీధిలోకి వచ్చే ప్రతి బండి చప్పుడికీ లేచాను. ఎండ మెట్లు ఎక్కి నా ఒళ్ళోకి వచ్చింది. ఎదురింటాయన భార్య బియ్యం చెరుగుతూ వాకిట్లోంచి చూసి, చాట కింద పెట్టి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని చూసింది. ఇంటికి తాళం వేసింది, నన్ను లేపింది. ఆటోలో దారంతా నా మోచేతి కింద తన చెయ్యి పెట్టి మోసింది.

"మీ ఆయన వస్తా అన్నడు గదా అక్కా, ఏ టైముకన్నడు?"

"అరగంటన్నారు."

ఆమె ఆటో అతన్ని ఇంకా తొందరగా పొమ్మంది.

దవాఖానలో డాక్టరు కుర్రాడే. వేలు చూసి, ఎప్పుడు, ఎలా అని అడిగాడు. డీజిలు అని చెప్పేసరికి మొహం మారింది. "అమ్మా, పైకి చుక్కే. లోపల డీజిలు ఎముక పక్కనుంచి దారి చేసుకుని పోయింది. పోయినంత మేరా కండ చచ్చిపోతోంది. నిన్ననే వచ్చి ఉంటే కోసి కడిగేవాళ్ళం" అన్నాడు. ఆపరేషనుకి రాసిచ్చాడు. నిన్ననే. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళు గడిపాను.

వేలు మొదలు దాకా తీసేశారు. అరచెయ్యి దక్కింది.

సాయంత్రం మీ తాతయ్య వచ్చారు. చేతిలో మిఠాయి పొట్లం. బండి నచ్చిందట. నచ్చడమే కాదు, అప్పటికప్పుడు స్టేషనుకీ ఆఫీసుకీ రెండు ట్రిప్పులు కూడా వేయించుకున్నారట, అందుకే ఆలస్యమైందట. కట్టు చూసి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక మంచం చివర పెట్టారు. డాక్టరు ఏదో అంటే, "చిన్న చుక్కేనండీ, సూదిమొనంత" అని బతిమాలుతున్నట్టు చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే కదే, చాలు అన్నావు" అన్నారు.

ఆ రోజు నవ్వుతూ అనలేదు. భయంతో అన్నారు. నవ్వు తర్వాత వచ్చింది. మొదటిసారి ఆ బండిలో ఎక్కే ఆఫీసు పిల్లలకి చెప్పారు, వాళ్ళు నవ్వారు. నవ్వేసరికి ఆయనకి ధైర్యం వచ్చింది. తర్వాత మా చుట్టాలకి, తర్వాత మీ అమ్మ పెళ్ళిలో వియ్యాలవారికి. చెప్పినకొద్దీ నున్నబడింది. తుడవమన్నది తనేనని పోయింది. కాయితం మీద ఖాళీ పోయింది. మెట్లు పోయాయి. చాలు, చాలూ మిగిలాయి. ఆంధ్రా మాట, హైదరాబాదు మాట, అందరికీ నవ్వొచ్చే సంగతి. వేలు పోయింది నా మాట వల్ల అని ఇప్పుడు ఆయన నిజంగానే నమ్ముతారు. ఒక్కసారి "అవును, నేనే పొరపాటున అన్నాను" అని నేనూ నవ్వేస్తే అందరికీ హాయిగా ఉండేది. నేను అనలేదు. పొరపాటున అనలేదు నేను. నా మాట నేను అన్నాను.

ఎదురింటాయన మాత్రం ఆ కథ చెప్పగా ఎవరూ వినలేదు. ఈయన మొదలుపెట్టగానే బీడీ కోసమని లేచి బయటికి పోయేవాడు. ఆ తర్వాత ఆయన నోట చాలూ అనే మాట నేను వినలేదు. "స్టార్ట్ చేస్తున్నా" అనేవాడు, ఇంగ్లీషులో, బండిలో ఒక్కడే ఉన్నా. చాన్నాళ్ళకి ఒకసారి వాకిట్లో నిలబడి, "వదినె, తాళం తిప్పింది నా చెయ్యే గదా" అన్నాడు. నీ మీద నాకేం లేదన్నాను. లేదు కూడా.

ఆ నెమలికంఠం జాకెట్టుకి ఆయన భార్యే హుక్కులు కుట్టి ఇచ్చింది. వంకరగా వచ్చాయి. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తీసుకుంది, మళ్ళీ రాలేదు. నేను నడిమివేలితో నేర్చుకుందామని చూశాను. మిషను తొక్కగలిగాను. హెమ్మింగు రాలేదు. పైకి దారం కనపడేది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అదే బాధ. "ఊరెళ్తున్నాం ఆంటీ", "మళ్ళీ కనిపిస్తాం ఆంటీ" అని మెల్లగా తగ్గిపోయారు. స్టేషను దగ్గర కొత్తగా పెట్టిన టైలరు షాపు ముందు వాళ్ళే నిలబడి కనపడేవాళ్ళు. నేను అవతలి పక్క నుంచి నడిచేదాన్ని. వ్యాను కొన్నాళ్ళు తిరిగింది. తర్వాత ఆఫీసులు సొంతంగా పెద్ద బస్సులు పెట్టుకున్నాయి, అది పాత ఇనప సామానుకి పోయింది. మిషను ఉంది. నీ ప్రింటరు పెట్టుకున్న బల్ల అదే. కింద తొక్కుడు పలక మీద నువ్వు కాళ్ళు పెట్టుకుంటావు చూడు.

ఇదుగో, మీ తాతయ్య లేచారు. ఇంతసేపూ పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్నారు గానీ నిద్రపోలేదని నాకు తెలుసు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఏమంటున్నారో అదీ రాయి.

"అంతా బాగానే ఉంది కానీ, ఆ సోమవారం సంగతి ఎందుకే ఇప్పుడు? పిల్ల రాసేదాంట్లో."

చూశావా, ఆదివారం గురించి ఏమీ అనలేదు. కాయితం గురించీ అనలేదు. ఆయనకి ఇన్నాళ్ళూ గుర్తుంది.

"అది తీసెయ్యమను. కావలిస్తే నేను ఇక ఆ కథ ఎక్కడా చెప్పను."

చెప్పుకోనీ. నేను వద్దనలేదు. ఎవరి కథ వాళ్ళు చెప్పుకుంటారు. నువ్వు వేలు ఆ మీట మీద నుంచి తియ్యి తల్లీ. ఒక్క అక్షరం చెరపకు.